అసలు వెడల్పు

“ఆ ‘చ’ని ఎంత సైజులో చూశావురా?”

పోయినేడు నా వ్యాసం ఒకటి వచ్చిన మూడో రోజు రాత్రి నాన్న ఫోన్ చేసి అడిగిన మొదటి మాట ఇది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. నేను రాసేవి ఆయన చదువుతాడని కూడా నాకు అప్పటిదాకా తెలీదు. మా చిన్నాన్న కొడుకు లింకు పంపాడట. తెనాలిలో ఇంట్లో కూర్చుని, టాబ్లెట్ మీద రెండు వేళ్ళతో సాగదీసుకుంటూ మొత్తం చదివాడట.

ఆ వ్యాసం 1957లో ఒక మాసపత్రికలో అచ్చయిన కథ గురించి. కథ పేరూ రచయిత పేరూ ఇక్కడ రాయను. తప్పు నాది, ఆయన్ని మళ్ళీ ఇందులోకి లాగడం ఎందుకు. ఆ కథ పుస్తకంగా రాలేదు. పాత పత్రికల స్కాన్లు పెట్టే ఒక సైటులో, పేజీకో బొమ్మ చొప్పున ఉంది. కథలో తండ్రీ కొడుకులు తొమ్మిదేళ్ళు మాట్లాడుకోరు. పోయేముందు తండ్రి కొడుకుతో ఒక మాట అంటాడు. ఆ మాటేమిటో రచయిత చెప్పడు. ఎలాంటి మాటో ఒక్క విశేషణంతో చెప్పి కథ ముగించేస్తాడు. ఆ విశేషణాన్ని నేను “చల్లని” అని చదివాను. చల్లని మాట. నా వ్యాసంలో ఆఖరి ఐదు పేరాలు ఈ పదం మీదే నిలబడ్డాయి. క్షమ గురించి, ఆ కాలపు కథల్లో తండ్రులు చివర్లో మెత్తబడే తీరు గురించి, “చల్లగా ఉండు” అన్న దీవెనకీ ఈ విశేషణానికీ ఉన్న చుట్టరికం గురించి తెగ రాశాను. ఆ వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి వ్యాసం మధ్యలో పెట్టాను కూడా, సాక్ష్యంలాగా.

నాన్న ఆ సాక్ష్యాన్నే పట్టుకున్నాడు.

“అది చ కాదనుకుంటా. చె. చెల్లని.”

చెల్లని మాట. చెల్లని కాసులాంటి మాట. ఆ ఒక్క ఎత్వంతో కథ తలకిందులైపోతుంది. తండ్రి చెప్పింది ఎందుకూ కొరగాని మాట, లేదా కాలం దాటిపోయాక చెప్పిన మాట. కొడుకు దాన్ని తీసుకెళ్ళి ఎక్కడా మార్చుకోలేడు.

నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో 22 ఏళ్ళు కంపోజిటర్‌గా చేశాడు. సీసపు అచ్చుల్ని కేసులోంచి ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చే పని. అచ్చు మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది కాబట్టి, ఆయన మామూలు తెలుగు కన్నా తిరగేసిన తెలుగే వేగంగా చదివేవాడు. 1996లో ప్రెస్సు డీటీపీకి మారింది, ఆయన మారలేదు. తర్వాత ఒక బైండింగ్ షాపులో కుదిరాడు.

“చాలాసార్లు చూశాను నాన్నా,” అన్నాను, కొంచెం విసుగ్గానే.

“చూశావు సరే. ఎంత సైజులో చూశావు అంటున్నా.”

నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఈ ప్రశ్న నాన్న వృత్తిది ఎంతో నా వృత్తిది కూడా అంతే. నేను అడగాల్సిన ప్రశ్న. అడగలేదు.

బ్రౌజర్‌లో ఏ బొమ్మకైనా కనీసం రెండు కొలతలుంటాయి. పేజీలో అది ఎంత చోటు ఆక్రమించింది అన్నది ఒకటి. ఫైల్లో నిజంగా ఎన్ని చుక్కలున్నాయి అన్నది ఇంకొకటి. జావాస్క్రిప్ట్‌లో మొదటిదాన్ని విడ్త్ అని అడుగుతాం, రెండోదాన్ని నేచురల్‌విడ్త్ అని. ఎత్తుకీ అలాగే రెండున్నాయి. 3000 చుక్కల వెడల్పున్న ఫొటోని పేజీ తయారుచేసినవాడు 300 వెడల్పు గడిలో కూర్చోబెడితే బ్రౌజర్ కిక్కురుమనకుండా కుదించేస్తుంది. 50 చుక్కల బొమ్మని 500కి సాగదీయమన్నా అంతే, సాగదీస్తుంది. చూసేవాడికి ఏది ఏదో తెలీదు. ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరిచి, బొమ్మని పట్టుకుని నేచురల్‌విడ్త్ అడిగితే మాత్రం చెబుతుంది.

ఈ సదుపాయం మొదట్నించీ లేదు. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ వెబ్ పేజీలోకి బొమ్మని తెచ్చే ట్యాగుని ప్రతిపాదించినప్పుడు, అందులో తప్పనిసరిగా చెప్పాల్సింది బొమ్మ ఎక్కడుందో ఒక్కటే. కొలతల ఊసే లేదు. నేను 2011లో ఉద్యోగంలో చేరేనాటికి చాలా బ్రౌజర్లకి నేచురల్‌విడ్త్ వచ్చేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఆ ఏడాదే, తొమ్మిదో వెర్షన్‌లో వచ్చింది. మా క్లయింటు ఆఫీసులో అందరివీ ఎనిమిదో వెర్షనే. కాబట్టి పాత పద్ధతి: జ్ఞాపకంలో, పేజీకి తగిలించకుండా, కొత్త ఇమేజ్ వస్తువు ఒకటి సృష్టించి, దానికి అదే అడ్రసు ఇచ్చి, అది దిగేదాకా ఆగి, అప్పుడు వెడల్పు అడగడం. పేజీ బయట ఉంది కాబట్టి దాన్ని ఏ గడీ నొక్కదు. సొంత కొలతే చెబుతుంది.

నేను ఆగలేదు. నా మొదటి బగ్గు అదే. అడ్రసు ఇచ్చిన మరుసటి లైన్లోనే వెడల్పు అడిగాను. నా మెషీన్‌లో బొమ్మలు అప్పటికే క్యాష్‌లో ఉన్నాయి కాబట్టి బాగానే పనిచేసింది. క్లయింటు దగ్గర ప్రతి ఫొటోకీ సున్నా అని జవాబొచ్చింది, సున్నాతో భాగించబోయి గ్యాలరీ అంతా చెల్లాచెదురైంది. మా సీనియర్ ఒకావిడ వచ్చి స్క్రీన్ చూసి, “వచ్చిందా అని అడక్కుండా ఎంతుంది అని అడిగితే సున్నా అనే అంటుంది మరి, దాని తప్పేముంది?” అంది. ఆన్‌లోడ్‌ని ముందు తగిలించి, అడ్రసు తర్వాత ఇవ్వడం అప్పటినుంచి చేతికి అలవాటైపోయింది.

ఇంకో ముచ్చట. కొలత తెలియడానికి బొమ్మంతా దిగక్కర్లేదు. పీఎన్‌జీ ఫైలైతే మొదటి ఎనిమిది బైట్లు దాని సంతకం, మరో ఎనిమిది దాటగానే వెడల్పు నాలుగు బైట్లలో, ఆ వెంటనే ఎత్తు నాలుగు బైట్లలో ఉంటాయి. జేపెగ్‌లో కొంచెం లోపలికి వెళ్ళి వెతకాలి, అక్కడ ఎందుకో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఏదైతేనేం, ఒక్క రంగు చుక్క కూడా కనపడకముందే బ్రౌజర్‌కి బొమ్మ ఎంతదో తెలిసిపోతుంది. ఇది నాన్నకి చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. “స్టిక్కు కూడా అంతేగా, ముందు కొలత బిగించాకే మొదటి అక్షరం,” అన్నాడు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ రాత్రి మాత్రం, ఈయన నోరు మూయిద్దాం అన్న ఉద్దేశంతోనే (అబద్ధం ఎందుకు) ఆఫీసు వాళ్ళిచ్చిన పెద్ద మానిటర్ మీద ఆ పేజీ తెరిచాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి కన్సోల్‌లో అడిగాను. వెడల్పు 600. నేచురల్‌విడ్త్ కూడా 600. ఎత్తు 800.

“ఇంతే ఉంది నాన్నా. 600 చుక్కలు. స్కాన్ చేసినవాళ్ళే అంతలో చేశారు. నేను చూసింది అసలు సైజులోనే.”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మొదలుపెట్టాడు. “నెలపత్రికంటున్నావు. 1/4 క్రౌన్ అయ్యుంటుంది. ఏడున్నర అంగుళాల వెడల్పు, పది ఎత్తు. నీ లెక్కా 600కి 800 అంటే సరిపోయింది. ఏడున్నరలో 600 అంటే అంగుళానికి 80. మేటర్ 12 పాయింటు, అంటే అంగుళంలో ఆరో వంతు. లైనుకి నీకు 13 చుక్కలొచ్చినయ్. పైన గుడులూ ఎత్వాలూ, కింద వత్తులూ, మధ్యలో అక్షరం, అన్నీ ఆ పదమూడింట్లోనే. దాంట్లో నువ్వు తలకట్టు చూశావా?”

నేను ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి చూశాను. 13.33.

అప్పుడు గానీ ఆ స్క్రీన్‌షాట్‌ని శత్రువు కంటితో చూడలేదు. దగ్గరకి లాగితే ‘చ’ నెత్తి మీద ఉన్నది మూడు బూడిద రంగు గళ్ళు. తలకట్టు అనుకుంటే తలకట్టు. ఎత్వం అనుకుంటే ఎత్వం. నేను తలకట్టు అనుకున్నాను, అంతే.

“స్కాన్ అంతలో చెయ్యరురా ఎవరూ. ఇంకెక్కడో పెద్దది ఉంటుంది, చూడు,” అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సొంత లాప్‌టాప్‌లో అదే పేజీ తెరిస్తే అక్షరాలు నిన్నటికన్నా స్పష్టంగా ఉన్నాయి. నా ఊహేమో అనుకున్నా. కన్సోల్‌లో అడిగితే మళ్ళీ 600 అనే చెప్పింది. కొలత అదే అయితే అక్షరం ఎందుకు మెరుగైంది? ఇక్కడ నేను దాదాపు అరగంట కొట్టుకున్నాను. పన్నెండేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాడు ఐదు నిమిషాల్లో పట్టుకోవాల్సింది.

సంగతేమిటంటే, ఆ పేజీలో ఒక్క బొమ్మకి ఒకటి కాదు, మూడు ఫైళ్ళ జాబితా ఇచ్చారు. దీన్ని సోర్స్‌సెట్ అంటారు. స్క్రీన్ ఎలాంటిదో చూసుకుని, ఏ ఫైలు దించుకోవాలో బ్రౌజరే ఎంచుకుంటుంది. మామూలు మానిటర్‌కి చిన్నది, ఒక్కో చుక్క చోట అడ్డంగానూ నిలువుగానూ రెండేసి చుక్కలు ఇరికించిన నా లాప్‌టాప్‌లాంటి స్క్రీన్‌కి అంతకు రెట్టింపుది. అలా ఎంచుకున్నప్పుడు నేచురల్‌విడ్త్ చెప్పేది ఫైల్లో ఉన్న చుక్కల సంఖ్య కాదు, ఆ సంఖ్యని సాంద్రతతో భాగించగా వచ్చింది. 1200 ఉన్న ఫైలుని రెట్టింపు సాంద్రతతో చూపిస్తున్నాం కనక, 600 అని చెబుతుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణపత్రంలో దీన్ని “సాంద్రత సరిచేసిన సహజ పరిమాణం” అనే అర్థం వచ్చేలా రాసి పెట్టారు. సరిచేసిన తర్వాత ఇంకా సహజమేమిటో నాకర్థం కాదు. ఆ పేరు పెట్టినవాళ్ళ బాధ వాళ్ళకుంటుందిలెండి, పేజీ అమరిక కోసం చూస్తే ఆ అంకెకే ఉపయోగం ఎక్కువ. నాలాగా అక్షరం కోసం వెతుక్కునేవాణ్ణి వాళ్ళు దృష్టిలో పెట్టుకోలేదు.

దీనికి విరుగుడు 2011 నాటి పాత పద్ధతే. బ్రౌజర్ ఏ ఫైలు ఎంచుకుందో కరెంట్‌సోర్స్ అన్న గుణం చెబుతుంది. ఆ అడ్రసుని, జాబితా గిబితా లేని కొత్త ఇమేజ్ వస్తువుకి ఇచ్చి, దిగేదాకా ఆగి, అప్పుడు నేచురల్‌విడ్త్ అడిగాను. 1200. ఇక జాబితాలో మూడో అడ్రసుని కూడా అలాగే దించాను. పేజీలో గడి వెడల్పు 600 కాబట్టి నా రెండు స్క్రీన్లూ దాని జోలికే పోలేదు.

2250. ఎత్తు 3000.

2250ని ఏడున్నరతో భాగిస్తే 300. స్కానర్లో అంగుళానికి 300 చుక్కలు. నాన్న కాగితం కొలత నోటితో చెప్పినదానికి అణువంత తేడా లేదు. ఒక్క చుక్కగా నేను చూసినచోట నిజానికి సుమారు 14 చుక్కలున్నాయి. 12 పాయింట్ల లైనుకి 50 చుక్కల ఎత్తుంది.

ఆఖరి లైనుకి జరిపాను. ‘చ’ నెత్తి మీద ఒంపు తిరిగిన ఎత్వం ఉంది. ఏ అనుమానమూ లేదు. నేను మాత్రం అనుమానాలు వెతికాను. అరిగిన అచ్చేమో, సిరా పాకిందేమో, స్కానర్ అద్దం మీద దుమ్మేమో. వ్యాసం రాసినవాడు అంత తేలిగ్గా వదలడు కదా. నాన్నకి ఫోన్ చేసి ఈ అనుమానాలన్నీ ఏకరువు పెట్టాను.

“అదే పేజీలో ఇంకో చె వెతికి పక్కన పెట్టు. ఇంకో చ కూడా పెట్టు. వాదించుకోడం దేనికి?”

పెట్టాను. కాన్వాస్ మీదికి ఒక్కో అక్షరాన్ని కత్తిరించి వరసగా గీయించే చిన్న స్క్రిప్టు రాశాను. మొదటిసారి కత్తిరిస్తే అక్షరాల బదులు పేజీ పైభాగంలోంచి శీర్షిక ముక్కలు, ఖాళీ తెలుపూ వచ్చాయి. కాన్వాస్‌కి చెప్పాల్సిన కొలతలు అసలు సైజులోవి, నేనిచ్చినవి 600 వెడల్పులో మౌసుతో చూసుకున్నవి. అన్నింటినీ 3.75తో హెచ్చించాక కుదిరింది. “చెప్పాడు”లోంచి ఒక చె, “చెయ్యి”లోంచి ఒక చె, “చదువు”లోంచి ఒక చ, “చలి”లోంచి ఒక చ. మధ్యలో నాది. ఏ జట్టులో చేరుతుందో చంటిపిల్లాడు కూడా చెబుతాడు.

ఆ వరసని నాన్నకి పంపించి, “నువ్వన్నదే,” అని మెసేజ్ పెట్టాను. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు.

“నీ స్క్రీన్‌షాట్‌లో నాకూ కనపడలేదురా. కానీ నువ్వు దానిమీద అంత రాశావు కదా, ఇంతా చేసి ఆ అక్షరం ఉందా అని అనుమానమొచ్చింది. కంపోజిటర్ అర్థం చదవడు, అక్షరం చదువుతాడు. అర్థం చూసుకుంటూ పోతే చెయ్యి దానంతటది తప్పు పేరుస్తుంది. మాకు మొదట్లో చెప్పేది అదే.”

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మామూలుగా వినపడలేదు. 2008లో, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒకరోజు మాటా మాటా పెరిగింది. దేనికో గుర్తులేదు, ఫీజు సంగతే అయ్యుంటుంది. “ఇరవై రెండేళ్ళు పుస్తకాలు పేర్చావు, ఒక్కటన్నా చదివావా? అర్థం చేసుకున్నావా?” అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. పెరట్లోకి వెళ్ళి పంపు కింద చేతులు కడుక్కున్నాడు. అప్పటికి ఆ చేతులకి సీసం మరక పోయి పన్నెండేళ్ళు. ఆ మాట ఆయనకి గుర్తుందో లేదో ఇప్పటికీ అడగలేదు. అడిగితే గుర్తుందని చెబుతాడేమోనని.

అన్ని కథల్లోకీ నాకు ఆ తండ్రీకొడుకుల కథే ఎందుకు దొరికిందో, అందులో ఆ మూడు బూడిద గళ్ళలో నాకు తలకట్టే ఎందుకు కనపడిందో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

వ్యాసం వేసిన సంపాదకుడికి ఉత్తరం రాశాను. ఆఖరి ఐదు పేరాలు తీసేయమన్నాను. ఆయన తీయనన్నాడు. తప్పు చదివి రాసింది అలాగే ఉంచి కింద సవరణ వేద్దాం, అసలు పేజీ కూడా పెద్దగా పెడదాం అన్నాడు. అది నాకు అప్పుడు శిక్షలా అనిపించింది, ఇప్పుడు న్యాయంగానే తోస్తోంది. సవరణ మూడు వాక్యాలు. ఎవరు చెప్పగా తెలిసిందో కూడా రాస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. “ప్రూఫు చూసినోడి పేరు ఎవడన్నా వేస్తాడా?” అన్నాడు.

ఆయన అడిగింది ఒక్కటే. ఆ కథ మొత్తం కాగితం మీద కావాలి, పత్రిక ఎంత సైజులో వచ్చిందో అంత సైజులో. ఏడు పేజీలు. ప్రతి పేజీకీ ఆ మూడో ఫైలు దించుకుని, మా వీధి చివర ప్రింటింగ్ షాపుకి పట్టుకెళ్ళాను. కుర్రాడు మొదటిసారి కాగితం నిండేలా సాగదీసి తీశాడు. వద్దు, ఏడున్నర అంగుళాలే రావాలి అంటే, “తెల్లగా అంచులు మిగిలిపోతాయన్నా, బాగోదు,” అన్నాడు. మిగలనీ అన్నాను. స్కేలు అడిగి అక్కడే కొలుచుకున్నాను. రెండుసార్లు తీయించాల్సి వచ్చింది.

కొరియర్లో పంపిన పది రోజులకి అవే కాగితాలు తిరిగొచ్చాయి. ఏడు పేజీల నిండా ఎర్ర సిరాతో ప్రూఫు గుర్తులు. నాలుగో పేజీలో ఒక సున్నా జారిపోయింది. ఐదో పేజీలో వత్తు ఒకటి పక్క అక్షరం కిందికి వెళ్ళిపోయింది. ఆరో పేజీలో ఒక లైను రెండుసార్లు పడింది. నేను ఆ కథని పదిసార్లు చదివాను, వ్యాసం రాశాను, ఆ లైను రెండుసార్లు ఉందని చూడలేదు. 1957లో ఎవరో పేర్చిన మేటర్‌ని ఆయన ఇప్పుడు కూర్చుని దిద్దాడు. ఆఖరి పేజీలో, ఆఖరి లైనులో “చెల్లని” కింద గీత లేదు, గుర్తు లేదు. మార్జిన్‌లో మాత్రం టిక్కు పెట్టి ఉంది.

“ఆరో పేజీ పేర్చినోడికి ఆ రోజు నిద్ర చాల్లేదు,” అన్నాడు ఫోన్లో. “మిగతాదంతా మంచి చెయ్యే. ఆయన రాసినవి ఇంకేమన్నా ఉన్నయ్యా ఆ సైటులో?”

రెండున్నాయి. ఇదే సైజులో తీయించి పంపుతానన్నాను.